చూసి వచ్చాను

ఆసుపత్రి, ఎముకల వార్డు,
కిటికీ పక్క మంచం

అక్కయ్యా,

ఫోన్ చేస్తే "ఊఁ" అంటావు, "సరే" అంటావు, "ప్రార్థన వేళయింది" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. కాగితం ఎదురుగా ఉంటే నీకు నాలుగు వాక్యాలైనా వస్తాయని ఆశ.

నేను మెట్ల మీంచి పడ్డానని మీ మరిది చెప్పారు కదా. ఏ మెట్లో, అవి ఎందుకు ఎక్కానో చెప్పి ఉండరు. ఆయనకి సిగ్గు. నలభై దాటిన పెళ్ళాం పెట్టెలు వెతుక్కుంటూ గోడలెక్కుతుందని ఎవరితో చెప్పుకుంటారు.

మా ఆట సంగతి నీకు తెలుసు. జియోకాషింగ్ అంటే నోరు తిరగక "దాగుడుమూతలు" అన్నావు. అదే అనుకో. ఒకరు చిన్న పెట్టె ఎక్కడో దాచి, ఆ చోటు ఎక్కడో అంకెల్లో నెట్‌లో పెడతారు. మిగతావాళ్ళం ఫోన్ పట్టుకుని వెతుకుతాం. దొరికితే లోపలి చీటీ మీద పేరు రాసి పెట్టెను ఎక్కడిదక్కడ పెట్టేస్తాం. "తర్వాత?" అని అడుగుతారు మీ మరిది. తర్వాత ఏమీ లేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోవడమే.

కానీ ఈ ఆటకి ఒక కట్టుబాటు ఉంది. పెట్టె ఉందో లేదో, దారి బాగుందో లేదో అని ఎవరైనా అనుమానపడితే, దాచినవాడు స్వయంగా వెళ్ళి చూడాలి. చూశాక "చూసి వచ్చాను" అని రాయాలి. ఆ ఒక్క మాట నమ్ముకుని మేం ఎక్కడికైనా ఎక్కుతాం.

మా ఊరి చివర పాత గోడలో దిక్సూచి గారి పెట్టె ఉంది. దిక్సూచి అన్నది ఆటలో ఆయన పేరు. ఈ చుట్టుపక్కల ఆయన్ని మించిన ఆటగాడు లేడంటారు, ముఖ్యంగా ఆయనే అంటాడు. వానలకి గోడ మెట్లు కదిలాయేమో చూడండి అని ఎవరో రాశారు. "నిన్ననే చూసి వచ్చాను. భద్రం. చెప్పులేసుకుని కూడా ఎక్కొచ్చు" అని జవాబిచ్చాడు. నేను చెప్పులేసుకునే ఎక్కాను. పైమెట్టు నాతో పాటే కిందికి వచ్చేసింది.

తుంటి ఎముక, తొడ ఎముక. లోపల కడ్డీ వేశారు. డాక్టరమ్మ మంచిది, తీపి మాటలు చెప్పదు. కుంటు ఉండిపోతుందంది.

ఇంతవరకూ నా తలరాత అనుకుని ఊరుకునేదాన్నే. కానీ నాకు మత్తు దిగేలోగా ఆయన ఆ పేజీ మార్చేశాడక్కా. "చాలా కష్టం, వానాకాలంలో వెళ్ళకండి" అని చేర్చాడు. దాని కింద "హెచ్చరిక చదవనివాళ్ళకి నేనేం చెయ్యను" అని ఒక నవ్వు బొమ్మ. పైగా ఆ "నిన్న" అన్న రోజు ఆయన ఈ ఊళ్ళోనే లేడు. ఎవరి పుట్టినరోజుకో వెళ్ళి నోట్లో కేకు పెట్టించుకుంటున్న ఫోటో తనే పెట్టుకున్నాడు. నేను చూశాను. ఇప్పుడు అదీ తీసేశాడు.

నాకు ఆయన కాలు కావాలి. ఇదే కాలు, ఇదే చోట. పక్క మంచం పెద్దావిడ "అలా అనకమ్మా" అంటుంది. ఆవిడ బాత్రూంలో జారి పడింది. బాత్రూం మీద పగ పట్టలేరు కాబట్టి ఆవిడకి మనశ్శాంతిగా ఉంది.

నీ లాడ్జి వెనక గోదాములో పైన చెదలు తిన్న చెక్క నడవా ఉందిగా, బావగారు ఉన్నప్పుడే తాళం వేయించింది. దాని చివర ఓ పెట్టె పెట్టి "భద్రం" అని రాస్తే చాలు. కొత్త పెట్టె ఎక్కడ పుట్టినా చీటీ మీద మొదటి పేరు తనదే ఉండాలి ఆయనకి. పడుతూ లేస్తూ వస్తాడు. నేను కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

ఇదంతా దేవుడికి చదివి వినిపించకు.

నీ చిట్టి

*

పాత పట్నం, లాడ్జి,
ముందు గది

చిట్టీ,

ఉత్తరం అందింది. మళ్ళీ మళ్ళీ చదివాను.

నీ కాలు కోసం ప్రార్థిస్తున్నాను. పొద్దున లేవగానే, తలుపులు వేసే ముందు.

శాపాలు పెట్టకు. ఆయనకి తగిలేది తర్వాత, ముందు నీ నోరు చేదవుతుంది. జరిగింది అన్యాయమే. అన్యాయం అనడానికి నేను రెండోసారి ఆలోచించలేదు. కానీ గోదాము మాట ఇంకెప్పుడూ రాయకు. ఆ తలుపుకి తాళం ఉంది, చెవి నా నడుముకే ఉంటుంది. ఈ ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఏ తలుపు కనిపిస్తే అది తోస్తారు.

మాత్రలు మానకు. మరిదిని కసరకు. ఆయన వంట చేస్తున్నారని విన్నాను. ఎలా ఉన్నా తిను.

అక్కయ్య

*

ఇల్లు, వంటగది బల్ల

అక్కయ్యా,

ఇంటికొచ్చాను. ఇల్లు అదే, నేనే పొడుగు తగ్గాను. చంకకర్రలు పెట్టుకుని వంటగదిలోకి వస్తే చేతులు ఖాళీ ఉండవు, చేతులు ఖాళీ చేసుకుంటే వంటగదిలో ఉండను. మీ మరిది అన్నం వండుతున్నారు. మొదటి వారం తిన్నాను. రెండో వారం ప్రేమించాను. ఇప్పుడు భరిస్తున్నాను.

కళ్ళద్దాల షాపుకి వెళ్ళొచ్చాను. నా మిషను దగ్గర వేరే అమ్మాయి నిలబడి ఉంది. అద్దం అంచు అరగదీయడం అంటే పొద్దున్నుంచి నిలబడే పని, నీకు తెలుసు. ఓనరు మంచివాడే. "తొందరేం లేదమ్మా, పూర్తిగా నయమయ్యాకే రండి" అన్నాడు. పూర్తిగా నయం కాదని ఇద్దరికీ తెలుసు. అద్దాల పొడి వాసన పీల్చి వచ్చేశాను.

కాలు సంగతి పోనీ అక్కా. ఆటలోవాళ్ళు నన్ను చూసి జాలిపడుతూనే "ఒకసారి చదువుకుని వెళ్ళాల్సింది" అంటున్నారు. నేను చదివాను. అక్షరం పొల్లు పోకుండా చదివాను. నేను చదివింది ఇప్పుడు అక్కడ లేదు. అందరికీ నేను హెచ్చరిక చదవని మొద్దుని. ఆయన దయగలవాడు, నా మీద కేసు పెట్టకుండా వదిలేశాడు అన్నట్టు మాట్లాడుతున్నారు.

నాకు కావలసింది ఒక్కటే. నలుగురి ముందూ తన నోటితో "ఆ రోజు నేను వెళ్ళలేదు" అనాలి. అది అయ్యేదాకా నాకు మంచి నిద్ర పట్టదు. నువ్వు ప్రార్థన చెయ్యి. అటు వినేవాళ్ళకి మాత్రం ఈ ఒక్క వాక్యం చెప్పు.

నీ చిట్టి

*

పాత పట్నం, లాడ్జి,
ముందు గది

చిట్టీ,

నిన్న ఒకాయన వచ్చాడు. లోపలి ముంగిలి ఒక ఆదివారానికి కావాలన్నాడు. ఈ ఊరు చూడ్డానికి దేశదేశాల నుంచి వచ్చేవాళ్ళలో మీ ఆట ఆడేవాళ్ళు ఉంటారట. ఒకచోట చేరి, టీ తాగి, వెతికిన పెట్టెల కబుర్లు చెప్పుకుని, ఒక పెద్ద కాగితం మీద పేర్లు రాసి వెళ్ళిపోతారట. సరదాకే అన్నాడు.

పేరు అడిగాను. "అందరూ దిక్సూచి అంటారమ్మా" అన్నాడు.

చూడ్డానికి మర్యాదస్థుడే. ఇస్త్రీ చొక్కా. పిల్లి వస్తే వంగి దువ్వాడు. నేనెవరో తెలియదు. చెప్పలేదు.

టీ ఇచ్చాను. నా బల్ల దగ్గరే కూర్చుని, పై గదిలో దిగిన దంపతులకి ఒక కథ చెప్పాడు. ఆటలో ఒకావిడ ఉందట. చదవదట, చూడదట, చెప్పులేసుకుని గోడలెక్కుతుందట. పడినట్టు చేసి చూపించాడు. తర్వాత లేచి, ఇప్పుడు ఇలా నడుస్తుందని గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి చూపించాడు. వాళ్ళు నవ్వారు. నవ్వించడం వచ్చు ఆయనకి.

కప్పులు కడిగాను. బయటికొచ్చి ముంగిలి ఇస్తానని చెప్పాను.

అక్కయ్య

*

ఇల్లు, వరండా

అక్కయ్యా,

ఎందుకిచ్చావు? ఆ వేడి టీ ఆయన ఒళ్ళో ఎందుకు పొయ్యలేదు? నీ ఉత్తరం చదివి చంకకర్ర విసిరికొట్టాను. మీ మరిది తీసుకొచ్చి ఇచ్చారు. మళ్ళీ విసిరాను. "ఇదేదో ఆటలా ఉంది" అన్నారు. నవ్వొచ్చింది. పడ్డాక అంత నవ్వడం అదే మొదలు.

ఒక కబురు. ఓనరు నా మిషనుకి ఎత్తు స్టూలు చేయించాడు. చెప్పాపెట్టకుండా. "నిలబడి చెయ్యాలని ఎక్కడా రాసి లేదు కదమ్మా" అన్నాడు. నిన్న కూర్చుని ఒక ముసలాయన అద్దాలు అరగదీశాను. పెట్టుకుని నా మొహం చూసి "నువ్వు ఇంత చిన్నదానివనుకోలేదు" అన్నాడు. మంచి నంబరు ఇచ్చారన్నమాట డాక్టరు.

అక్కా, నాకు అలసటగా ఉంది. కాలికి కాదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆయన్ని మోస్తున్నాను. కడ్డీ కంటే బరువుగా ఉన్నాడు. నీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపంగా ఉండి, మూడో రోజు మర్చిపోయి అద్దాలు అరగదీశాను. మర్చిపోయానని సాయంత్రం గుర్తొచ్చింది. ఆ మతిమరుపు నాకు బాగుంది.

ఆయన సంత నీ ముంగిట్లో జరుపుకుని పోనీ. నువ్వు ఆ రోజు ప్రార్థనో ఏదో చూసుకుని వెళ్ళిపో. మొహం చూడకు.

నీ చిట్టి

*

పాత పట్నం, లాడ్జి,
ముందు గది

చిట్టీ,

స్టూలు కబురు విని సంతోషించాను. ఆ ఓనరు పేరు చెప్పి ప్రార్థించాను.

వచ్చేవాళ్ళ కోసం ఇంటి తరఫున ఒక పెట్టె పెడదామనుకుంటున్నాను. ఆయన కూడా పెట్టమన్నాడు. నాకు తెలియదు కనుక అడుగుతున్నాను. పెట్టె ఎంత ఉండాలి? మూత ఎలాంటిది? చీటీ మడతపెట్టాలా చుట్టాలా? దారి సులువు అని ఎవరు రాస్తారు, దాచినవాళ్ళా, ఆయనా?

కొంచెం త్వరగా రాయి.

అక్కయ్య

*

ఇల్లు, వంటగది బల్ల

అక్కయ్యా,

నువ్వు పెట్టె దాస్తున్నావా. ఈ ఉత్తరానికి ఫ్రేము కట్టించి మీ మరిదికి చూపిస్తాను. "దాగుడుమూతలు" అన్న నోరేనా ఇది.

అరచేతిలో పట్టేంత డబ్బా చాలు. మూత గట్టిగా ఉండాలి, తడి దూరకూడదు. చీటీ చుట్టి దారం కట్టు, చిన్న పెన్సిలు కూడా పెట్టు, పెన్ను ఎండిపోతుంది. పిల్లలకి దొరికితే మురిసిపోయేలా ఒక గోళీయో బొత్తామో వెయ్యి. దారి సంగతి దాచినవాళ్ళే చెప్పాలి. అయినా ఆ రోజు జరిగేది ఆయన సభ కాబట్టి పేజీ ఆయనే రాస్తాడు.

ముంగిట్లో ఆ పగిలిన రాతి తొట్టి ఉంది చూడు, దాని వెనక దాచు. ఎవరికీ వెంటనే తట్టదు.

ఒక్క సంగతి. ఎవరైనా పెట్టె లేదంటే నువ్వు నిజంగా వెళ్ళి చూడాలి. నీకు చెప్పాలా. లోకంలో ఇద్దరే నిజంగా చూసేవాళ్ళు, నువ్వూ, డాక్టరమ్మా.

నీ చిట్టి

*

ఇల్లు, మంచం మీద

అక్కయ్యా,

పేజీ చూశాను. "లాడ్జి యజమానురాలి కానుక. వెనక గోదాము, పై నడవా చివర. సులువైన దారి. నేనే స్వయంగా చూసి వచ్చాను. దిక్సూచి."

ఫోన్ చేశాను. "అతిథులున్నారు" అన్నావు, పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నీ గొంతు చల్లగా ఉంది. నాన్న పోయిన రోజు అందరికీ టీలు పంచినప్పుడు ఉన్న గొంతు.

అక్కా, నేను మంచం మీద మందుల మత్తులో వాగింది అది. నేను వాగుతాను, నువ్వు చెయ్యవు. మనిద్దరి మధ్యా ఎప్పుడూ ఉన్న ఏర్పాటు అదే కదా. తీసెయ్యి ఆ పెట్టె.

ఇంకోటి విను, ఇది ముఖ్యం. ఆయన ఎక్కడైనా మొదట పరుగెత్తుతాడని రాశాను, నిజమే. కానీ తను పిలిచిన సభలో పరుగెత్తడు. పిలిచినవాడు మొదటి పెట్టె అతిథులకి వదలాలి. అది మా ఆటలో మర్యాద. అందరి ముందూ ఆయన మర్యాద తప్పడు. ఆ నడవా మీదికి ఎక్కేది ఆయన కాదు, ఎవరో ఊరు చూడ్డానికి వచ్చిన మనిషి.

మీ మరిదికి చెప్పలేదు. చెబితే నీ మొహం చూడరు. ఆయనకే, ఆ దిక్సూచికే, "ఎక్కనివ్వకండి" అని ఒక ముక్క రాసి పంపొచ్చు. ఫోన్లో రాశాను. పంపే మీట మీద వేలు పెట్టాను. తీసేశాను. ఎందుకు తీశానో నన్నడగకు. నీ పేరు బయటపడుతుందని అనుకున్నాను. అది ఒక్కటే కారణం కాదు.

దగ్గరి దారిలో వెళ్ళే బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను ఈ ఉత్తరం. ఆదివారానికి ముందే అందుతుంది. చదివిన వెంటనే వెళ్ళి తలుపు వెయ్యి.

నీ చిట్టి

*

పాత పట్నం, లాడ్జి,
ముందు గది

చిట్టీ,

నీ ఉత్తరం ముందే అందింది. విప్పలేదు. క్షమించి వదిలెయ్యమని రాసి ఉంటావనుకున్నాను. అది చదివితే నా చెయ్యి ఆగుతుందని దిండు కింద పెట్టాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పెట్టె నేను కింద నుంచి నిచ్చెన వేసి, నడవా చివరి దూలం మీద పెట్టాను. పైనుంచి వెళ్ళలేదు. పలకలు ఎలా ఉన్నాయో నాకు తెలుసు.

పేజీ రాసేముందు ఆయన ఒక మాట అడిగాడు.

"నడవా గట్టిదేనా అమ్మా?"

"మీరు చూసుకోండి" అన్నాను.

"మీ ఇల్లు మీకు తెలియదా, నేను చూసేదేముంది" అన్నాడు. తాళం చెవి అడగలేదు. అడిగి ఉంటే ఇచ్చేదాన్ని. ఎక్కి చూసి ఉంటే తనకే తెలిసేది. ఆ ఒక్క సందు ఆయనకి వదిలానని దేవుడికి చెప్పుకున్నాను. వదిలింది ఆయన కోసం కాదు, రేపు నేను చెప్పుకోవడానికి. అదీ దేవుడికి తెలుసు.

ఆదివారం పొద్దున తాళం తీశాను. ముంగిలి నిండింది. వీపు సంచులు, టోపీలు, తలో భాష. పక్క దేశం నుంచి సైకిలు మీద వచ్చిన తండ్రీ కూతుళ్ళు ఉన్నారు. మంచివాళ్ళు. ఏ ఊళ్ళో ఏ పెట్టె ఎలా దొరికిందో చెప్పుకుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. నువ్వు ఆ ఆట ఎందుకు ఆడేదానివో అప్పుడు తెలిసింది. బల్ల మీద పెద్ద కాగితం పరిచి, పక్కన మూత తీసిన పెన్ను పెట్టాడు ఆయన. వెళ్ళేముందు అందరూ పేర్లు రాయాలి. పొడుగ్గా ఉన్న ఒక అమ్మాయి మాత్రం వస్తూనే రాసేసింది. ముందు రోజే నా దగ్గర దిగింది. వంటగదిలో నాకు ఉల్లిపాయలు కోసి పెట్టింది. వచ్చీరాని మన మాటల్లో నన్ను "పెద్దమ్మా" అంటుంది.

నేను గోదాము మెట్ల పక్కన నిలబడ్డాను.

ఆయన లేచాడు. లేచి, చెయ్యి చాపి, "అతిథులు ముందు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి నన్ను దాటి మెట్లెక్కేసింది.

అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. ఆ అమ్మాయి ఆగింది. ఒక పాదం మెట్టు మీద, ఒకటి పలక మీద. పలక కింద నుంచి పొడి రాలుతోంది. ఎక్కి, మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం మెట్ల మీద కూలబడ్డాం.

ఆయన నవ్వుతూ వచ్చాడు. "భయపడకండమ్మా, గట్టిదే. నేనే చూసి వచ్చాను."

"ఎప్పుడు?"

"మొన్న."

"ఏ దారిన వెళ్ళారు? తలుపుకి తాళం. చెవి ఇవాళ పొద్దుటి దాకా నా నడుముకే ఉంది."

చీపురు కర్రతో ఆ పలకని పొడిచాను. ఎండిన రొట్టెలా విరిగి ఆయన కాళ్ళ ముందు పడింది.

సైకిలు తండ్రి అడిగాడు, "మరి చూశానని రాశారే?"

"ఈవిడ గట్టిదని చెబితేనే..."

"నేను చెప్పలేదు. మీరు చూసుకోమన్నాను."

"అంటే, మీ ఇల్లు కదా అని..."

"పాత గోడ కూడా నా ఇల్లేనా? అక్కడి మెట్లు కూడా ఇలాగే చూసి వచ్చారా? నా చెల్లెలు మీ మాట చదివే ఎక్కింది. మీరు నా బల్ల దగ్గర నడిచి చూపించిన నడక దానిదే."

ఆయన చుట్టూ చూశాడు. ఎవరైనా నవ్వుతారేమోనని వెతికాడనుకుంటా. "ఆ రోజు నాకు వీలుపడలేదు" అన్నాడు. చిన్నగా అన్నాడు. అందరికీ వినపడింది.

నువ్వడిగిన వాక్యం అదే, చిట్టీ. మాటలు కొంచెం వేరు.

అప్పుడు ఆ అమ్మాయి నన్నడిగింది. "ఇది పుచ్చిందని మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి పెట్టె ఎందుకు పెట్టారు?"

"ఆయన కోసం."

నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. "మీరూ ఆయనా ఒకటే" అంది. కాదనలేదు.

ఒక్కొక్కరూ సంచులు తగిలించుకుని వెళ్ళిపోయారు. కాగితం మీద ఎవరూ పేరు రాయలేదు. ఆ అమ్మాయి తన పేరు కొట్టేసి వెళ్ళింది. ఆయన ఆ కాగితం చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం చేస్తూ కూర్చున్నాడు. నేను కప్పులు తీసి, బల్ల తుడిచి, ఆయన చేతుల కింద కూడా తుడిచాను. నాకు బాగుంది. దాచను. ఆ కాగితం చూస్తే నాకు బాగుంది.

తర్వాత నీ ఉత్తరం విప్పాను. "ఇది ముఖ్యం" అని నువ్వు గీత గీసిన చోట చాలాసేపు ఆగాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను. ప్రార్థనకి మాట రాలేదు. ఇంకా రావడం లేదు.

ఇవాళ పొద్దున ఆయన మళ్ళీ వచ్చాడు. నీ చిరునామా కావాలట. వచ్చి నీ ముందు చెప్పుకోవాలట. ఏం చెప్పమంటావు?

అక్కయ్య

*

ఇల్లు, వరండా

అక్కయ్యా,

ఆ అమ్మాయి పాదం నా కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. ఆ పలక విరిగి ఉంటే నేను ఆ స్టూలు మీద జన్మలో కూర్చోలేకపోయేదాన్ని. నా తరఫున కూడా ఆ అమ్మాయిని క్షమించమని అడుగు. నేను వాగాను, నువ్వు పెట్టావు, నేను మీట నొక్కలేదు. ముగ్గురు పట్టుకుంటే కానీ లేవని బరువు మనిద్దరమే ఎత్తాం.

ఆటలోవాళ్ళు రాస్తున్నారు. "మీరు చదివారని ఇప్పుడు తెలిసింది" అంటున్నారు. ఎవరూ ఆయన పెట్టెల జోలికి పోవడం లేదట. ఆయన "చూసి వచ్చాను" అని రాస్తే కింద ఎవరో ఒకరు "తాళం చెవి అడిగారా" అని రాస్తున్నారు. నవ్వాను. మీ మరిది కూడా నవ్వారు, పాపం, ఎందుకో తెలియకుండానే.

ఇక ఆయన సంగతి. మొదటి వారంలో ఆసుపత్రికి వచ్చి, ఎవరూ లేనప్పుడు, మంచం పక్కన నిలబడి "నేను వెళ్ళలేదమ్మా" అని ఉంటే, అక్కా, నా నారింజపండులో సగం ఆయనకి ఒలిచి ఇచ్చేదాన్ని. నన్ను నువ్వెరుగుదువు. ఇప్పుడు వస్తున్నది నా కాలు చూడ్డానికి కాదు. తన కాగితం మీద పేర్లు లేవని. రేపు వాళ్ళు మళ్ళీ సంతకాలు పెడితే నా వీధి పేరు మర్చిపోతాడు. నా క్షమాపణ తీసుకెళ్ళి నలుగురికీ చూపించుకుంటాడు. నేను ఆయనకి రసీదు ఇవ్వను.

రానివ్వకు. పొమ్మని కూడా అనకు. పొమ్మంటే కోపం తెచ్చుకుని తేలికపడతాడు. అడగనీ.

నీ చిట్టి

*

పాత పట్నం, లాడ్జి,
ముందు గది

చిట్టీ,

వడ్రంగి వచ్చి నడవా మొత్తం విప్పేశాడు. పనికొచ్చే పలక ఒక్కటీ లేదన్నాడు. గోడకి దూలాల రంధ్రాలు మిగిలాయి. వాటిని పూడ్చనివ్వలేదు. పొద్దున్నే అటు చూస్తే నాకు మంచిది.

ఆ అమ్మాయి గదిలో వదిలేసిన సంచి కోసం వచ్చి వెళ్ళిపోయింది. నీ మాటా నా మాటా చెప్పాను. విని, సంచి భుజానికెత్తుకుని, "ఆలోచిస్తాను" అంది. అంతకంటే అడగను.

ఆయన వారం వారం వస్తున్నాడు. తలుపు తీస్తాను. కూర్చోమంటాను. టీ ఇస్తాను. ఇస్త్రీ తగ్గింది చొక్కాకి. పిల్లి వస్తే దువ్వడం లేదు.

"అడిగారా అమ్మా?" అంటాడు.

"అడిగాను."

"ఏమంది?"

"రావద్దంది."

"ఎప్పటికీనా?"

"అది చెప్పలేదు."

కప్పు ఖాళీ చేస్తాడు. "పోనీ వచ్చేవారం అడగండి" అని లేస్తాడు. గడప దగ్గర ఒకసారి ఏడ్చాడు. తుండు ఇచ్చాను. తుడుచుకుని మడతపెట్టి ఇచ్చాడు. మళ్ళీ రమ్మనలేదు, వద్దనలేదు. గొళ్ళెం నెమ్మదిగా వేశాను.

నాకు మాటలు తిరిగి వచ్చాయి. పొద్దున నీ కోసం ప్రార్థిస్తున్నాను, నీ కాలు కోసం, మరిది కోసం, స్టూలు చేయించిన ఆయన కోసం. సాయంత్రం ఆ అమ్మాయి కోసం, ఎక్కడ ఏ మెట్లెక్కుతోందో అని. చివర్లో నా కోసం.

ఆయన కోసం ఇంకా మొదలుపెట్టలేదు.

అక్కయ్య